మెట్ల కింద నీ సైకిలు

బరంపురం, ఒడిశా,
ఆదివారం పొద్దున్న.

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోని మీ అమ్మ వీధంతా చూపించొచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ వంతెన మీద పాత సైకిలు పట్టుకుని నిలబడ్డావు. "అంత దూరం వెళ్లి సైకిలు తొక్కడమేంటి వదినా" అని మీ అత్త నొచ్చుకుంది. నాకు మాత్రం నోట మాట రాలేదు. నీ చేత సైకిలు మాన్పించింది నేనే కదా.

అప్పుడు నువ్వు తొమ్మిదో తరగతి. ట్యూషన్ నుంచి వస్తుంటే ఆస్కా రోడ్డు మీద లారీ ఒకటి ఒరుసుకుంటూ పోయింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, వెనక మడ్‌గార్డు సొట్టపోయింది. కళ్లనీళ్లు పెట్టకుండా సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చావు. ఆ రాత్రే దాన్ని మెట్ల కింద పెట్టి తాళం వేసేశాను. కాలేజీలో చేరగానే స్కూటీ కొన్నాను. పిల్లని కాపాడుకున్నాననే అనుకున్నాను.

ఫోటో చూశాక మీ ఊరి సంగతులు వెతికి చదివాను తల్లీ. 1950ల్లో అక్కడ ఎటు చూసినా సైకిళ్లే. చేతిలో డబ్బు ఆడటం మొదలయ్యాక కార్లు వచ్చాయి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి సైకిలు ప్రయాణాలు సగానికి పైగా పడిపోయాయి. 1971లో ఒక్క ఏడాదే ఆ చిన్న నెదర్లాండ్స్ దేశంలో 3,300 మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పత్రికా విలేఖరి "పిల్లల్ని చంపడం ఆపండి" అని రాస్తే, తల్లిదండ్రులు ఆ మాటనే ఉద్యమం పేరుగా పెట్టుకుని వీధుల్లోకొచ్చారు. మీ ఊళ్లోనే డి పైప్ అనే పేటలో 1972లో పిల్లలే రోడ్డుకి అడ్డాలు పెట్టి ఆడుకోవడానికి చోటు అడిగారట. 1973 నవంబరులో చమురు కొరత వచ్చి ఆదివారాలు కార్లు ఆపేస్తే, ఖాళీ రోడ్లెలా ఉంటాయో జనం కళ్లారా చూశారు. ఇవాళ ఆ దేశంలో నాలుగో వంతు ప్రయాణాలు సైకిలు మీదే.

ఇదంతా చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాళ్లూ నాలాగే భయపడ్డ తల్లిదండ్రులే. నేను నీ సైకిలుకి తాళం వేశాను, వాళ్లు కార్లకి పగ్గం వేశారు.

మన ఊరూ అలాంటిదేనమ్మా. మీ తాతయ్య పెద్ద బజారులో కొట్టుకి జీవితమంతా నడిచే వెళ్లారు. ఆఫీసుకి నాది సైకిలే. ఆదివారం వస్తే నలుగురం కలిసి 16 కిలోమీటర్లు తొక్కుకుంటూ గోపాల్‌పూర్ సముద్రానికి పోయేవాళ్లం. తరవాత అందరికీ బళ్లొచ్చాయి, నాకూ వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 12 ఇళ్లలో ఉన్న రెండు చక్రాల మోటారు బళ్లు, 2011 నాటికి 21 ఇళ్లకి చేరాయి. సైకిళ్లున్న ఇళ్లు మాత్రం ఏమీ తగ్గలేదు. ఒడిశాలో 2019-21 సర్వేలో కూడా నూటికి 70కి పైగా ఇళ్లలో సైకిలుంది. కానీ మన వీధిలో చూడు, ఉన్నవన్నీ మన ఇంట్లో దానిలాగే మెట్ల కిందే ఉన్నాయి. మీ అమ్మ కూరలకి నడిచి వెళ్లాలంటే బళ్ల మధ్య దారి వెతుక్కోవాలి. రెండేళ్లకోసారి మన ఊరి అమ్మవారి ఠకురాణి జాతరొస్తేనే పాత ఊళ్లో జనం మళ్లీ భయం లేకుండా నడుస్తారు.

నిన్న తాళం తీశాను. తాళంచెవి కనపడక పగలగొట్టాల్సొచ్చింది. టైర్లు బీటలు వారాయి, బెల్లు మాత్రం మోగుతోంది. కొత్త టైర్లూ ట్యూబులూ వెయ్యమని కొట్లో ఇచ్చాను. ఎదురింటి పాప ఈ ఏడు తొమ్మిదిలోకొచ్చింది, తొక్కుతానంటోంది. వాళ్ల నాన్న వద్దంటున్నాడు. ఆ భయం నాకు తెలుసు, అందుకే వాదించలేదు. ఇద్దరం కలిసి బడి దగ్గర లారీలు ఆపమని, బళ్ల వేగం తగ్గించమని వార్డులో అర్జీ ఇద్దామన్నాను. సరేనన్నాడు.

నువ్వొక పని చెయ్యి. అక్కడ బడి ముందు రోడ్డు ఎలా కట్టారో, సైకిలు దారికీ కార్ల దారికీ మధ్య ఏం పెట్టారో దగ్గర నుంచి ఫోటోలు తీసి పంపు. అర్జీకి జత చేస్తాను. వానలో బ్రేకు మెల్లగా పట్టు.

నీ
నాన్న