ఆదివారం అక్వేరియం మొక్కల మార్పిడి: ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం 🙏
ఆదివారం ఉదయం 10కి మొక్కల మార్పిడి ఉంది కదా, ఈసారి ఒకటే షరతు: నత్తలు పోయేలా శుభ్రం చేయని మొక్క ఎవరూ తేవద్దు.

శనివారమే లీటరు నీటికి ఒక టీస్పూన్ పటిక పొడి కలిపి, మొక్కల్ని 2-3 గంటలు నానబెట్టి, మంచినీళ్లతో బాగా కడగండి. ఆకు తిప్పి చూడండి. జిగురు బొట్టులా, లోపల చిన్న చుక్కలతో కనిపిస్తే నత్త గుడ్లే. గోటితో గీకేయండి.

ట్యాంకులో ఇప్పటికే నత్తలుంటే రాత్రి కీరా ముక్క వేసి, పొద్దున్నే వాటితో సహా తీసేయండి. మేత కూడా తగ్గించాలి. నిజానికి సగం సమస్య అక్కడే!

అద్దం మీద పాకే తెల్ల పురుగు తల త్రికోణంగా ఉంటే ప్లనేరియా, రొయ్య పిల్లలకు ప్రమాదం. నీళ్లలో మెలికలు తిరిగే సన్న దారాల్లాంటివైతే టెన్షన్ వద్దు.

రొయ్యలున్నవాళ్లు రాగి కలిసిన మందు అస్సలు వాడొద్దు, నత్తలతో పాటు రొయ్యలూ పోతాయి.

మొక్కల్ని తడి పేపర్లో చుట్టి తెండి, ట్యాంకు నీళ్లు వద్దు. ఏమేం తెస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.