రాత్రి అన్నం సంగతి

చిట్టీ,

ఈ మధ్య ఫోను ఎత్తితే రెండు మాటలకే పెట్టేస్తున్నావు, అందుకే ఉత్తరం. ఇక్కడ అంతా కులాసా. పెరట్లో మునగ విరగకాసింది. నాన్నగారి మోకాలు మామూలే. పెళ్లిలో పద్మ పిన్ని కనబడి, కడుపుతో ఉండి నువ్వు రాత్రిపూట అన్నం మానేశావంది. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

సూరిబాబు కోడలికి మగపిల్లాడు, మూడు కేజీలున్నాడు. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందని నీకెవరైనా చెప్పారా? ఏఎన్ఎం నర్సుగా ఊళ్లు తిరిగినన్నాళ్లూ ఆ మాటతోనే పోట్లాడాను. రెండున్నర కేజీలు లేని బిడ్డకు న్యుమోనియా భయం ఎక్కువ. డొక్కలు లోపలికి పోతూ ఊపిరి లాగే పసివాళ్లను ఎత్తుకుని పరుగెత్తినదాన్ని.

తల్లి తిండికీ బిడ్డ ఊపిరికీ లంకె ఎలా ఉందో విను. నేపాల్‌లో సర్లాహి అని ఒక జిల్లా. తల్లులకు విటమిన్ ఎ లోటు ఉన్నచోటు. 1994 నుంచి 1997 దాకా అక్కడి ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడూ, అంతకు ముందూ, పాలిచ్చేటప్పుడూ వారం వారం మాత్రలిచ్చారు. కొందరికి విటమిన్ ఎ, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి మందేమీ లేని ఉత్త మాత్ర. ఆ పిల్లలకు తొమ్మిది నుంచి పదమూడేళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని, ఊపిరితిత్తుల బలం చూడటానికి ఒక్కొక్కరి చేతా గొట్టంలో గట్టిగా ఊదించారు. ఉత్త మాత్ర వేసుకున్న తల్లుల పిల్లలకంటే విటమిన్ ఎ వాళ్ల పిల్లలు మొదటి సెకనులో 46 మిల్లీలీటర్ల గాలి ఎక్కువ ఊదారు. ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే తోటకూర ఒక్కటీ తింటే చాలదు, గుడ్డూ పాలూ కూడా పడాలి. అలాగని విటమిన్ ఎ మాత్రలు సొంతంగా కొని మింగేవు! మోతాదు మించితే బిడ్డకే చేటు.

కడుపులోని బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఐదో నెలకల్లా కొమ్మలు వేసేస్తాయి. గాలి బుడగలు ఆఖరి నెలల్లో మొదలై, పుట్టాక రెండు మూడేళ్లలోనే చాలావరకు తయారవుతాయి. నీకిప్పుడు ఏడో నెల. ఇప్పుడా రాత్రి అన్నం మానేది?

ముర్రుపాలు పారబొయ్యనివ్వకు. ఏడాది నిండేదాకా తేనె చుక్క, ఆరు నెలలదాకా నీళ్ల చుక్క నాకించొద్దు. ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, గుడ్డు. సాంబ్రాణి పొగ పెడతానంటే వదినగారికి నేనే చెబుతాను, నువ్వు మాట తూలకు.

ఆదివారం సూరిబాబు హైదరాబాద్ వస్తున్నాడు. నాటుకోడి గుడ్లు ఊకలో పెట్టి, సున్నుండలు డబ్బాలో పంపుతున్నాను. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు. రాత్రి ఏం తిన్నావో ఫోన్ చేసి చెప్పు, అల్లుడుగారి చేత చెప్పించకు.

అమ్మ