రేకుల కప్పుకు రాళ్ల బరువు చాలదు

సంపాదకులకు,

ఏటా అక్టోబరు వచ్చేసరికి, రేకుల మీద ఇసుక బస్తాలో రాళ్లో పెట్టుకుంటే తుపాను గాలికి కప్పు ఎగిరిపోదన్న మాట మన తీరప్రాంతపు ఊళ్లలో వినిపిస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులో మా వీధిలో రేకులు లేచిపోవడం, వాటిపై పేర్చిన రాళ్లు ఇంట్లోకే పడడం కళ్లారా చూసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చూరు కింద దూరిన గాలే కప్పును లేపుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. గోడకు కొట్టుకుని పైకి ఎగసిన గాలి కప్పు అంచు దగ్గర రేకును విడిచి దూకుతుంది. ఆ చోట రేకు పైన పీడనం పడిపోతుంది, లోపలి గాలి దాన్ని పైకి నెడుతుంది. అందుకే తలుపులన్నీ మూసిన ఇంటి కప్పు సైతం లేస్తుంది. గాలి వచ్చే వైపు తలుపు ఊడిందంటే లోపలి పీడనం కూడా పెరిగి, రెండు బలాలూ ఒక్కటవుతాయి.

గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగింతలవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తే, 200 కిలోమీటర్ల గాలి 190 కిలోల దాకా కలిగిస్తుంది. కప్పు మూలల్లో, అంచుల్లో లాగుడు మరీ ఎక్కువ. సిమెంటు రేకు చదరపు మీటరుకు పదిహేను కిలోలకు అటూఇటూ తూగుతుంది, ఇనుప రేకు అందులో మూడో వంతే. అక్కడక్కడా పెట్టిన బస్తాలు ఈ తేడాను పూడ్చలేవు. పైగా జారిన రాయి మనిషి తలమీద పడుతుంది.

కప్పును కాపాడేది బరువు కాదు, బిగింపు. రేకును దూలానికీ, దూలాన్ని గోడకూ, గోడను పునాదికీ కట్టిన వరుసలో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడే తెగుతుంది. మూలల్లో, చూరు వెంబడి కొక్కెం బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాలి. తుప్పుపట్టినవి ముందే మార్చాలి. ముందు పంచను ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేస్తే, పంచ పోయినా ఇల్లు మిగులుతుంది. తుపాను కన్ను, అంటే నడిమధ్యన గాలి నెమ్మదించే భాగం, దాటాక గాలి ఎదురు దిక్కుకు తిరుగుతుంది కాబట్టి రెండు వైపుల తలుపులకూ గడియలు గట్టిగా ఉండాలి.

తుపాను హెచ్చరికలతో పాటు ఈ వివరాలను కూడా మీ పత్రికలో ప్రచురించాలనీ, ప్రభుత్వ గృహనిర్మాణ సిబ్బంది అక్టోబరుకు ముందే తీర గ్రామాల్లో రేకుల ఇళ్ల బోల్టులను తనిఖీ చేయాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.