పందిరి గుంజని కాంక్రీటులో పాతడం ఆపేశాం

మా షెడ్డులో పెరటికి కలప పందిరి చేయించుకున్నవారికీ, ఈ వేసవికి అడ్వాన్సు ఇచ్చినవారికీ ఈ కబురు. ఇప్పుడందరూ పెర్గోలా అంటున్నారు గానీ మాకు పందిరే. పునాది వేసే పద్ధతి మార్చాం. దాంతో ధర పెరిగింది, హామీ కూడా మారింది. ఎందుకో దాపరికం లేకుండా చెబుతున్నాం.

ఈమధ్య ఆర్డర్లలో చాలావాటికి డ్రాయింగు అమెరికా నుంచి వస్తోంది. అబ్బాయి మినియాపోలిస్‌లో ఇంటి వెనక వేయించుకున్నాడు, అలాంటిదే ఇక్కడ అమ్మానాన్నలకి కావాలి. ఆ కాగితంలో గొయ్యి లోతు 42 అంగుళాలని ఉంటుంది. "మనకి మంచు పడదు కదండీ, రెండడుగులు చాలదా?" అని అడిగితే చాలుతుందనే చెబుతూ వచ్చాం. అది మా తప్పు.

అక్కడ చలికాలంలో నేల పైనుంచి కిందికి గడ్డకట్టుకుంటూ పోతుంది. గడ్డకట్టే చోటికి కింది తడి కూడా ఎగబాకి మంచు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరలు లావెక్కేకొద్దీ పైనున్నదాన్ని ఎత్తేస్తాయి. అందుకే మినియాపోలిస్ ఉన్న మిన్నెసోటా రాష్ట్ర నిబంధనల్లో పునాది లోతు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60. మనకి మంచు లేదు, నల్లమట్టి ఉంది. అది వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక చెయ్యి మోచేతిదాకా దూరేంత నెర్రెలిస్తుంది. రెండడుగుల గోతిలో నిలబెట్టిన గుంజ ఆ మట్టితోపాటే లేచి దిగుతుంది. నాలుగు గుంజలూ ఒకేలా కదిలితే బాధ లేదు. చూరునీళ్లు పడేవైపు ఒకలా, ఎండ కాసేవైపు ఇంకోలా కదులుతాయి. రెండు మూడేళ్లకి దూలం వాలి, వాసాల కీళ్లు విడతాయి.

ఇకమీదట నల్లమట్టిలో గొయ్యి నాలుగడుగులు. పైన మూడడుగులు 18 అంగుళాల చదరం, అడుగున చివరి అడుగు మాత్రం చుట్టూ తొలిచి రెండడుగుల చదరం చేస్తాం. కింద వెడల్పు, పైన సన్నం. దీన్ని తిరగేస్తే, అంటే గొయ్యి అంచులు విరిగి కాంక్రీటు పైన పుట్టగొడుగులా పరుచుకుంటే, ఉబ్బే మట్టికి పట్టు దొరికి మొత్తం పైకి లాగేస్తుంది. మిన్నెసోటాలో గడ్డకట్టే మట్టి చేసేదీ అదే. కాబట్టి పై మూడడుగులకీ గోడలు నున్నగా చెక్కి, రెండు పొరల పాలిథీన్ కవరు పరిచి పోస్తాం. పొర మీద పొర జారుతుంది, మట్టి కాంక్రీటుని పట్టుకోలేదు. గొయ్యి చుట్టూ ఇసుక నింపమని కొందరు మేస్త్రీలు చెబుతారు, వినకండి. బంకమట్టిలో ఇసుక గుంట చేస్తే నీళ్లన్నీ వచ్చి అక్కడే నిలుస్తాయి.

12 అడుగులకి 10 అడుగుల పందిరికి నాలుగు గోతులకీ కలిపి నేల మట్టందాకా 43 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే సిమెంటు పది బస్తాలు, ఇసుక 18 ఘనపుటడుగులు, ముప్పావంగుళం కంకర 36. పొద్దున్న తవ్విన గొయ్యి ఆ పూటే పోసెయ్యాలి. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున నీళ్లు ఊరతాయి, ఆ నీళ్లలో పోస్తే సిమెంటు పాలు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో నూతినీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కలపం, ట్యాంకరు మంచినీళ్లు తెప్పించండి. ఉప్పు లోపలి ఇనుముని తినేస్తుంది. లంక భూముల్లో కథ వేరు. అక్కడ ఇసుక ఉబ్బదు గానీ గొయ్యి గోడ నిలవదు. రెండడుగుల సిమెంటు వరలు దించుకుంటూ వెళ్లి వాటిలోనే పోస్తాం.

కాంక్రీటు నేలకి ఆరంగుళాలు పైకి వచ్చి, నీళ్లు జారేలా వాలుగా ఉంటుంది. దాని మీద ఇనుప పాదం, మా షెడ్డులో దాన్ని చెప్పు అంటారు. ఎనిమిదంగుళాల చదరం, 10 మిల్లీమీటర్ల మందం, జింకు పోత పోసింది. కొన జె అక్షరంలా వంచిన 16 మిల్లీమీటర్ల జె బోల్టులు నాలుగు 18 అంగుళాల లోతున దిగుతాయి. గుంజ అడుగు కాంక్రీటుకి అంగుళం ఎత్తులో ఆగుతుంది, ఆ సందులోంచి గాలి ఆడాలి. పోసేముందు మూలల నుంచి మూలలకి టేపు పెట్టి చూడండి, రెండు కర్ణాలూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. మా మేస్త్రి తొందరపడితే మీరే టేపు పట్టుకోండి, ఏమీ అనుకోం.

పాత పద్ధతిలో గుంజ చుట్టూ కాంక్రీటు పోసేవాళ్లం. ఎండకి కలప ముడుచుకుంటే గుంజకీ కాంక్రీటుకీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. వాన నీళ్లు అందులోకి దిగి గిన్నెలో నిలిచినట్టు నిలుస్తాయి. కుళ్లు అక్కడే మొదలవుతుంది, చెదలు వెతుక్కుంటూ వచ్చేదీ అక్కడికే. పైన పాలిష్ మెరుస్తూనే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. పాతిన గుంజలున్నవారు నేల మట్టానికి అంగుళం పైన స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. చేవ గట్టిగా ఉంటే మొన దిగదు. అరంగుళం సులువుగా దిగిందంటే ఆలస్యం చేయకండి. దూలానికి జాకీ పెట్టి, గుంజని అడుగు ఎత్తున కోసి, కింద ఇనుప చెప్పు బిగిస్తాం. కూలీ మాది, ఇనుము ఖర్చు మీది.

కలప లెక్క కూడా విప్పి ఇస్తున్నాం. గుంజలు అయిదంగుళాల చదరం, తొమ్మిదడుగులవి నాలుగు: ఆరుంపావు ఘనపుటడుగులు. దూలాలు రెండుకి ఎనిమిదంగుళాలు, 14 అడుగులవి నాలుగు: ఆరుంపావు. వాసాలు రెండుకి ఆరు, 12 అడుగులవి తొమ్మిది: తొమ్మిది. మూల బద్దలు ఎనిమిదికీ కలిపి రెండు. మొత్తం ఇరవై మూడున్నర, తరుగుతో 26. టేకులో చేవ లేని తెల్ల భాగం వస్తే పక్కన పెట్టించండి, అది టేకే అయినా చెదకి మేతే. కొబ్బరి దుంగ చవక అని అడిగేవారికి ఒక మాట: దాని బలమంతా బయటి అంచులోనే, లోపలి బెండులో బోల్టు నిలవదు.

నీడ విషయం ముందే చెప్పాల్సింది. మే మొదటివారంలో మనకి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అడుగున్నరకి ఒకటి చొప్పున రెండంగుళాల వాసాలుంటే నేల మీద తొమ్మిదో వంతే నీడ. మధ్యాహ్నం కూర్చోవాలంటే వాసాల మీద అడ్డంగా అంగుళంన్నర బద్దలు మూడంగుళాలకొకటి వేయించుకోవాలి, లేదా పాదు పాకించాలి. వాసాలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే సాయంత్రం పడమటి ఎండ మాత్రం బాగా ఆగుతుంది. ఆనపపాదు, దొండపాదు కలప మీదికి ఎక్కించకండి, ఆరంగుళాల దూరంలో తీగ లాగి దాని మీద పాకించండి.

పందిరి మీద రేకో షీటో వేయించుకోవాలనుకుంటే అది మొదట్లోనే చెప్పండి. మన కోస్తాకి డిజైనులో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ వేగంలో చదరపు మీటరుకి 150 కిలోల ఒత్తిడి, అంటే 12కి 10 రేకు కప్పు మీద దాదాపు 1,650 కిలోలు. పునాదులు నాలుగూ కలిపి మూడు టన్నులకి దగ్గర, అవి లేవవు. లేచేది మేకులతో కొట్టిన వాసం. అందుకే కప్పు ఉన్నా లేకపోయినా ప్రతి వాసానికీ రెండు వైపులా ఎల్ ఆకారపు ఇనుప పట్టీ, 10 మిల్లీమీటర్ల బోల్టు వేస్తున్నాం. గ్రీన్ నెట్ కట్టినవారు తుఫాను హెచ్చరిక రాగానే విప్పేయండి. నెట్ వల్ల ఊడిన వాసం హామీలోకి రాదు.

హామీ ఇకపై మూడేళ్లు, చెదతో సహా, ఇనుప చెప్పు మీద నిలబెట్టినవాటికే. ఈపాటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరకే కొత్త పునాది వేస్తాం. మిగతావారికి కాంక్రీటు, చెప్పులు బిల్లులో విడిగా కనబడతాయి. నల్లమట్టి ఊళ్లలో తవ్వకం కాలువలు కట్టేసిన రోజుల్లోనే, అంటే ఏప్రిల్ నడిమి నుంచి మే నెలాఖరు లోపు. ఆ తర్వాత వచ్చినవారికి కలప కోసి ఆరబెట్టి ఉంచుతాం, గొయ్యి మాత్రం మళ్లీ వేసవికే.