పిందె రాలితే మందు యూరియా కాదు

సంపాదకులకు,

మిద్దెతోటల మీద మీరు వేసిన ఆదివారం వ్యాసంలో, సొర పిందెలు పసుపెక్కి రాలుతుంటే యూరియా వేయమన్నారు. వేస్తే తీగ ఏపుగా సాగుతుంది, కాయ మాత్రం నిలవదు.

సొర, బీర, గుమ్మడిలో ఆడపువ్వు విచ్చకముందే దాని కింద పిందె ఉంటుంది. అది ఉత్త అండాశయం, కాయ కట్టినట్టు కాదు. లోపల గింజగా మారాల్సిన ఒక్కో అండానికీ ఒక్కో పరాగనాళం, అంటే పుప్పొడి రేణువు నుంచి మొలిచే సన్నని గొట్టం, విడిగా చేరాలి. సొరకాయలో గింజలు వందల్లో ఉంటాయి గనుక కీలాగ్రం (ఆడపువ్వు నడుమ పుప్పొడి అంటుకునే కొన) మీద పుప్పొడి రేణువులూ వందల్లో పడాలి. చాలకపోతే పిందె రాలుతుంది, లేదా గింజ కట్టిన వైపే లావెక్కి కాయ వంకరపోతుంది.

కీలాగ్రం కింది కాడలోంచి, అంటే కీలంలోంచి దిగిన నాళానికి చివర్లో దారి చూపేవి అండంలోని రెండు సహాయకణాలు. జపాన్‌లో హిగాషియామా అనే శాస్త్రవేత్త బృందం 2001లో ఆ రెంటినీ లేజర్‌తో చంపితే నాళాలు అటు రావడం మానేశాయి. ఆ కణాలు వదిలే చిన్న ప్రోటీన్లను 2009లో పట్టుకుని ల్యూర్ అని పేరుపెట్టారు. వాళ్లు వాడింది టోరేనియా, నర్సరీల్లో కుండీల్లో అమ్మే పూలమొక్కే. దాని పిండకోశం (సహాయకణాలు, స్త్రీబీజం ఉండే సంచి) అండం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి సూక్ష్మదర్శినిలో సూటిగా కనిపిస్తుంది. చేరిన నాళం ఒక సహాయకణంలో పగిలి రెండు పురుషబీజాలను వదులుతుంది. ఒకటి స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది, రెండోది పక్కనున్న మధ్యకణంతో కలిసి పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదమవుతుంది. అలా ఎదిగే గింజల నుంచి ఆక్సిన్ వంటి హార్మోన్లు అందితేనే తొడిమ పట్టు నిలుస్తుంది. ఇందులో యూరియాకు పనేముంది?

బెంగళూరులో అసలు చిక్కు ఏప్రిల్, మే నెలల సాయంత్రపు వానలు. సొరపువ్వు విచ్చేదీ సాయంత్రమే. వాననీటిలో తడిసిన పుప్పొడి నీరు పీల్చి పగిలిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఆడమొగ్గకు ముందే కాగితం సంచి తొడగండి. పొద్దుగూకే వేళ అప్పుడే విచ్చిన మగపువ్వు రేకలు తీసేసి, కేసరాలను కీలాగ్రపు మూడు తమ్మెలకూ తాకేలా మెల్లగా రుద్ది, మళ్లీ సంచి కప్పి తెల్లారేదాకా ఉంచండి. ఒక్కో ఆడపువ్వుకు రెండు మగపూలైతే నిశ్చింత. గుమ్మడి, కాకరలకు ఈ పని పొద్దున్నే చేయాలి. తీగకు తొలి పూలు సాధారణంగా మగవే, అవి రాలితే కంగారు వద్దు.

బోరాన్ కొరతుంటే నాళం కొన చిట్లుతుందన్నది నిజమే. అది తేల్చుకోకుండా బోరాక్స్ కుమ్మరిస్తే మాత్రం ఆకుల అంచులు మాడతాయి.

– ఇద్దరు వృక్షశాస్త్ర అధ్యాపకులు,
మారతహళ్లి, బెంగళూరు