డిశ్చార్జి అయ్యాక ఆ పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏడొందల గ్రాముల పాపకి ప్రాణం పోశారు అని మీ పేపర్లో అప్పుడప్పుడు వార్త వస్తుంటుంది, డాక్టర్లు నర్సులు అందరూ నిలబడి దిగిన ఫోటోతో. చూసినప్పుడల్లా సంతోషమేస్తుంది, ఎందుకంటే మా అమ్మాయి కూడా కేజీ లోపే పుట్టింది, వారాల తరబడి బాక్సులోనే ఉంది, ఇప్పుడు మూడో క్లాసు. కానీ ఇంటికెళ్ళాక ఆ పిల్లలు ఎలా ఉన్నారో ఎప్పుడూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

వెయ్యి గ్రాముల లోపు పుట్టినవాళ్ళలో కొందరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ సరిగా కదలకపోవడం), చూపు సమస్య, వినికిడి లోపం వస్తాయి, అవి చిన్నప్పుడే బయటపడతాయి. పైకి ఏమీ కనపడని పిల్లల సంగతే ఎవరికీ పట్టట్లేదు. మా అమ్మాయి పద్యాలు గడగడా చెప్తుంది, ఎక్కాలు నోటికొచ్చు, అదే బోర్డు మీద తీసివేత పుస్తకంలోకి ఎక్కించుకోమంటే ఒకట్ల అంకె వెళ్ళి పదుల కింద పడుతుంది, సగం రాసేసరికే చెయ్యి నొప్పంటుంది, ఈలోపు బోర్డు తుడిచేస్తారు. తెలివి ఉంది గానీ బద్ధకం అని స్కూల్లో డైరీలో రాసి పంపారు. బద్ధకం కాదండి అది! లెక్కలు, ఏకాగ్రత, చేతి పని, ఈ మూడింట్లో ఇలాంటి పిల్లలు వెనకబడతారని చాలా దేశాల్లో ఎప్పుడో తేలింది.

కెనడాలో 1977 నుంచి 1982 మధ్య ఇంత తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని డాక్టర్ సరోజ్ సైగల్ గారి టీమ్ వాళ్ళకి ముప్పై ఏళ్ళు దాటేదాకా వదలకుండా చూసింది. బళ్ళో చాలామంది ఇబ్బంది పడ్డారు, ముప్పైల్లో సంపాదన కూడా తోటివాళ్ళ కంటే తక్కువే, అయినా ఎక్కువమంది హైస్కూలు పూర్తి చేశారు, టీనేజ్‌లో వాళ్ళనే అడిగితే మేం బాగానే ఉన్నాం అన్నవాళ్ళే ఎక్కువ. నాలాంటి తల్లికి అది చదివితే ఎంత ధైర్యమో చెప్పలేను.

మన దగ్గర మాత్రం రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష, టీకాలు అయ్యి ఏడాది దాటితే ఇంక పిలిచేవాళ్ళుండరు. నెలలు నిండని పిల్లలకి రెండేళ్ళదాకా వయసు అసలు కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కేసి చూడాలన్న సంగతి కూడా మాకు ఎవరూ చెప్పలేదు. పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో వచ్చింది, 18 ఏళ్ళదాకా పిల్లల్ని చూడాలని అందులోనే ఉంది, జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ సెంటర్లు, అంటే పిల్లల్లో లోపాలు తొందరగా కనిపెట్టి థెరపీ ఇచ్చే సెంటర్లు, దానికోసమే. 2016 వికలాంగుల చట్టంలో నేర్చుకోవడంలో ఇబ్బందిని కూడా చేర్చారు. మరి పుట్టినప్పటి బరువు స్కూలు హెల్త్ కార్డులో ఎందుకు రాయరు? ఒకటో క్లాసులో చేరేముందు ఒకసారి, ఎనిమిదేళ్ళప్పుడు ఇంకోసారి ఈ పిల్లల్ని పిలిచి చూడటం అంత కష్టమా?

మీకూ ఒక విన్నపం. మీరు ఫోటో వేసిన పిల్లల్లో ఒకరిద్దరి ఇళ్ళకి, అమ్మానాన్నలు ఒప్పుకుంటేనే, ఏడెనిమిదేళ్ళ తర్వాత రిపోర్టర్ని పంపండి. థెరపీ ఎక్కడ దొరికింది, బస్సు ఛార్జీలకి ఎంతయింది, క్లాసులో ఏ బెంచీలో కూర్చోబెడుతున్నారు, అవి కూడా వేయండి.

ఇట్లు,
ఒక తల్లి, ఖమ్మం