కింటోర్ నుంచి యుయెండుము దాకా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పోయిన ఆదివారం ఫోన్‌లో మిడ్‌నైట్ ఆయిల్ బ్యాండ్ వాళ్ళ 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాట గురించి ఏదో చెప్పబోయి ఆపేశాను, గుర్తుందా? అది అయిదు నిమిషాల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. హాస్టల్లో నీ టేప్‌రికార్డర్‌లో ఆ పాట మొదలై, బాకాలు మూడంటే మూడు స్వరాలు ఊదగానే అందరం మంచాలెక్కి గెంతేవాళ్ళం. మాటలు ఒక్కరమూ పట్టించుకోలేదు. మొన్న ఆ మాటలన్నీ రాసుకుని, పక్కన మ్యాప్ పెట్టుకుని విన్నానురా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందులో కింటోర్, యుయెండుము అని రెండు పేర్లొస్తాయి. ప్రాస కోసం వేసినవనుకున్నా. కాదు, ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎడారిలో ఉన్న ఊళ్ళవి. కింటోర్ అయితే ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్నానికి పడమరగా 500 కిలోమీటర్ల పైనే. పాటలో 45 డిగ్రీలు అంటాడే, అది అక్కడి ఎండ. రోహిణి కార్తెలో రెంటచింతల తలుచుకో, తెలిసిపోతుంది.

ఆ నేల పింటుపి అనే ఆదివాసులది. 1950లు, 60లలో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఉమెరా అనే చోటి నుంచి రాకెట్లు, క్షిపణులు పరీక్షించేవాళ్ళు. వాటి దారి ఆ ఎడారి మీదుగానే. ఆదివాసులందర్నీ ఒక చోట చేర్చి తెల్లవాళ్ళ పద్ధతిలో బతికించాలన్న సర్కారు పాలసీ ఒకటి. అలా పింటుపిలను తూర్పున పపున్యా అనే సెటిల్‌మెంట్‌కి తెచ్చి పడేశారు. అక్కడ కిక్కిరిసిన బతుకు. రోగాలతో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళకి బెంగ, పొద్దస్తమానం మా ఊరు, మా నీటి గుంటలు అని. చివరికి 1981లో వాళ్ళే మూటాముల్లె సర్దుకుని పడమటికి తిరిగెళ్ళి కింటోర్‌లో కాపురం పెట్టారు. చూడరా, పాట పుట్టకముందే వాళ్ళు ఇంటిదారి పట్టారు. నాకన్నిటికంటే నచ్చింది ఇదే.

మిడ్‌నైట్ ఆయిల్ సిడ్నీ కుర్రాళ్ళ బ్యాండ్. 1986లో వాళ్ళు వారుంపి బ్యాండ్‌తో కలిసి ఆ ఎడారి ఊళ్ళన్నీ తిరిగారు. వారుంపి వాళ్ళది పపున్యానే. అక్కడి ఆదివాసులు పవిత్రంగా చూసే తేనె చీమల చోటు పేరే బ్యాండ్‌కి పెట్టుకున్నారు. 1983లో తమ లురిట్జా భాషలో రాక్ పాట రికార్డు చేశారు. ఆదివాసీ భాషలో వచ్చిన మొదటి రాక్ పాటగా దాన్నే చెప్తారు. వాళ్ళ గురించి మనకెవరూ చెప్పలేదు కదరా! వాళ్ళు తోడు లేకపోతే ఆ ఎర్రమట్టి దారుల్లో సిడ్నీ వాళ్ళకేం తెలుస్తుంది?

ఆ ప్రయాణంలో కళ్ళబడ్డవే పాటలోకి వచ్చాయి. పాడైపోయి దారి పక్కన వదిలేసిన హోల్డెన్ కార్లు, వేడికి మరిగి ఆవిరి కక్కే డీజిల్ ఇంజన్లు, బండి చప్పుడుకి ఎగిరిపోయే కాకటూ చిలకలు. రాబ్ హర్స్ట్, జిమ్ మొగినీ, పీటర్ గారెట్ ముగ్గురూ కలిసి రాశారు. 1987లో 'డీజిల్ అండ్ డస్ట్' ఆల్బమ్‌లో వచ్చింది. ఇక అమెరికా, ఇంగ్లండ్, కెనడా అన్నిచోట్లా మోగింది. మన మంచాల దాకా వచ్చింది. పాట అడిగేది ఒక్కటే, వాళ్ళది వాళ్ళకిచ్చేయండి అని.

ఇంకొక్కటి చెప్పాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు రోజు. అంతకుముందు తరాల్లో ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళినందుకు సర్కారు తరఫున క్షమాపణ చెప్పనని ప్రధాని జాన్ హోవర్డ్ పట్టుబట్టి కూర్చున్న రోజులవి. ఆయన ఎదురుగా స్టేడియంలో ఉండగా బ్యాండ్ నల్లబట్టల్లో స్టేజి ఎక్కింది. ఆ నల్లబట్టల మీద తెల్లటి అక్షరాల్లో 'సారీ' అని. ఆ వీడియో చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచిందిరా. సర్కారు నోట ఆ మాట రావడానికి 2008 ఫిబ్రవరి 13 దాకా పట్టింది. అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో చెప్పారు. ఆ మంత్రివర్గంలో ఎవరున్నారో తెలుసా? ఆ పాట పాడిన గారెట్టే!

నువ్వు ఒకసారి మళ్ళీ విను. రెండో చరణంలో ఆ ఊళ్ళ పేర్లు వస్తాయి, అక్కడ ఆపి మ్యాప్ చూడు. మీ అటక మీద ఆ క్యాసెట్ ఇంకా ఉంటే పారేయకు, వచ్చినప్పుడు పట్టుకెళ్తా. అమ్మని అడిగానని చెప్పు.

నీ,
రవి